రోగానికో ముక్క

ఆ బస్ డిపోలో ఏ బండి ఆలస్యమైనా తప్పెవరిదని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. వర్క్‌షాపువాళ్లది. వాన పడి రోడ్డు మునిగినా, డ్రైవరుకు జ్వరమొచ్చి రాకపోయినా, చివరికి రాసుకునేది మాత్రం ‘వర్క్‌షాపు జాప్యం’ అనే. మెకానిక్కులు కూడా దానికి అలవాటు పడిపోయి నవ్వేసి ఊరుకునేవాళ్లు. కొత్త కరెంటు బస్సులు వచ్చాక ఆ నవ్వు కాస్తా పోయింది.

కొత్త బస్సులతో పాటు కంపెనీవాళ్లు ఒక పుస్తకం ఇచ్చారు. పుస్తకమంటే చేత్తో పట్టుకునేది కాదు, పీడీఎఫ్ ఫైలు. తలుపు గొళ్లెం దగ్గర్నుంచి బ్యాటరీ దాకా బండిలో ఉన్న సమస్తమూ బొమ్మలతో సహా అందులో ఉంది. వేల పేజీలు. అంత లావు ఫైలు మెకానిక్కుల ఫోన్లలో తెరుచుకోదు. వేలు పెట్టగానే చక్రం తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది, ఫోను వేడెక్కుతుంది, చివరికి తెర నల్లబడిపోతుంది. స్టోర్స్‌లో ఉన్న పాత కంప్యూటరు మీద తెరుచుకుంటుంది గానీ, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేలోపు టీ తాగి రావచ్చు. చక్కగా తెరుచుకునేది ఒక్క మేనేజరు గదిలో. “పుస్తకం చూడకుండా కొత్త బండి మీద చెయ్యి వేశారో, ఊరుకోను” అని ఆర్డరు వేసిందీ ఆ మేనేజరే.

స్టోర్స్ కిటికీ వెనకాల కూర్చునేది ఒకావిడ. బోల్టు కావాలన్నా, వాషరు కావాలన్నా, చేతులు తుడుచుకోవడానికి గుడ్డపీలికలు కావాలన్నా ఆ కిటికీ దగ్గరికే రావాలి. మేనేజరు నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరూ ఆమెను స్టోర్సమ్మ అనే పిలుస్తారు. మనిషి మంచిదే, నోరే మంచిది కాదని పేరు. పాత వాషరు తెచ్చివ్వకుండా కొత్తది అడిగితే తాతల దాకా వెళ్లి కడిగేస్తుంది. వర్క్‌షాపు పెద్దమేస్త్రి ఆమెకు స్వయానా మేనమామ. ఆ చుట్టరికం కిటికీ అవతలే ఆగిపోవాలని ఇద్దరి మధ్యా ఒప్పందం. పాత వాషరు ఇస్తేనే ఆయనకైనా కొత్తది.

సోమవారం పొద్దున ఏదో సంతకం కోసం స్టోర్సమ్మ మేడ మీదికి వెళ్లింది. మేనేజరు గది గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నాడు. కాళ్ల కింద పాత న్యూస్‌పేపరు పరిచి ఉంది. లోపలి తివాచీకి గ్రీజు అంటకూడదట. లోపల మేనేజరు ఫోన్లో ఎవరితోనో కొత్త కారు ఎంత మైలేజీ ఇస్తుందో తీరిగ్గా చెబుతున్నాడు. మామయ్య ఒక కాలు మీది బరువు ఇంకో కాలు మీదికి మార్చుకుంటే కింద పేపరు కరకరలాడింది.

“ఎంతసేపైంది మామయ్యా?”

“ఇప్పుడే” అన్నాడాయన. ఇప్పుడే వచ్చినవాడి కాళ్ల కింద పేపరు అలా నలగదు.

ఫోను అయ్యాక మేనేజరు చేత్తోనే రమ్మని సైగ చేశాడు. మామయ్య తివాచీ అంచున ఆగాడు. మౌసు ముట్టుకోవడానికి లేదు. మేనేజరే పేజీలు గబగబా జరుపుతూ, “ఇదేనా? చూశావా? అయిందా?” అన్నాడు. మామయ్య జేబులోంచి పెన్ను తీసి, తెర మీదున్న తీగల బొమ్మను తన ఎడమ అరచేతి మీద గీసుకోవడం మొదలుపెట్టాడు. గ్రీజు పేరుకున్న చెయ్యి కాబట్టి పెన్ను జారిపోతోంది. సగం గీశాడో లేదో, “నాకు మీటింగుంది” అంటూ మేనేజరు ఫైలు మూసేశాడు.

మెట్లు దిగుతున్నప్పుడు మామయ్య ఆ చేతిని, నీళ్లున్న గిన్నె పట్టుకున్నట్టు, తొణక్కుండా ముందుకు చాపి పట్టుకున్నాడు. బండి కింద గుంతలోకి దిగి చూసుకునేసరికి చెమటకి బొమ్మ అంతా అలుక్కుపోయింది. ఆయన మళ్లీ మెట్ల వైపు నడిచాడు. కిటికీలోంచి చూస్తున్న స్టోర్సమ్మకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫయ్యేళ్లు ఇంజన్ల లోపాన్ని చప్పుడు విని కనిపెట్టిన మనిషి, ‘నువ్వు’ అనిపించుకుంటూ పేపరు ముక్క మీద నిలబడాలా?

మధ్యాహ్నం బోర్డు మీద నోటీసు పడింది. వర్క్‌షాపు సిబ్బంది పుస్తకం ప్రకారం పని చేయలేకపోతున్నందున, వచ్చే నెల నుంచి కొత్త బస్సుల రిపేరు బయటి సంస్థకు అప్పగిస్తారట. మెకానిక్కులందరూ బస్సులు కడిగే షెడ్డుకు మారాలట. అంతకుముందు, ఈ శుక్రవారం నాడు, కంపెనీ ఇంజినీరు వచ్చి, వీళ్లకు చేతకాదని చూసి సంతకం పెట్టి వెళతారట.

నోటీసు ముందు బక్కోడు నిలబడి పెదాలు కదుపుతూ చదివాడు. బక్కోడంటే నిజానికి గుమ్మానికి అడ్డంగా పట్టే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలి. “కడగడమా?” అన్నాడు. “నేను గేర్‌బాక్సు విప్పి బిగించేవాణ్ణి. పైపు పట్టుకుని బస్సు కడగాలా?” మామయ్య చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోకుండానే మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

స్టోర్సమ్మ కిటికీ రెక్క ధడాల్న మూసేసింది. “పుస్తకం పేద్ద డబ్బాలో పెట్టి, మూత మీద తను కూర్చుని, పైగా చదవట్లేదని మనల్నే అంటాడా?” అని గోడలకు వినిపించేలా అరిచింది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంది.

ఆమెకు తెలిసిన విద్య ఒకటుంది. స్టోర్స్‌కు వచ్చే సరుకు కాగితాలన్నీ ఒకే ఫైలుగా వస్తాయి. వాటిని పేజీల వారీగా విడగొట్టి ఏ అరకు సంబంధించినవి ఆ అరకు దాచుకోవడం ఆమెకు రోజూ ఉండేదే. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని పేజీల నంబర్లు కొడితే, పెద్ద ఫైలు అలాగే ఉండగా, ఆ పేజీలు మాత్రం చిన్న ఫైలుగా బయటికొస్తాయి. సరుకు కాగితాలను కోసినదానికి ఈ పుస్తకాన్ని కోయడం ఒక లెక్కా అనుకుంది. పాత కంప్యూటరు మూలిగింది, ఆగింది, ఆమె చేత రెండు దెబ్బలు తింది. సాయంత్రానికల్లా పుస్తకాన్ని పాఠానికొక ఫైలు చొప్పున ముక్కలు చేసి మెకానిక్కుల గ్రూపులో పడేసింది. చిన్న ముక్కలు ఫోన్లలో టక్కున తెరుచుకున్నాయి. ఆమె ఆ రోజు గర్వంగా తలెత్తుకుని ఇంటికి వెళ్లింది.

*

మంగళవారం చూస్తే ఒక్కరూ ఆ ముక్కల జోలికి పోలేదు. ఒక బండి ముందు తలుపు మూసుకోక పొద్దున్నుంచీ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. బక్కోడు ఫోను చూసి, ఇంకో ఫైలు తెరిచి, మూసి, మళ్లీ మొదటిది తెరిచి, చివరికి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

స్టోర్సమ్మకు చిర్రెత్తుకొచ్చింది. గుంత దగ్గరికి వెళ్లి, “తిండి ముద్ద చేసి నోటి దాకా తెచ్చినా నమలడానికి బద్ధకమా?” అంది.

గుంతలోంచి మామయ్య గొంతు వచ్చింది. “ఏమే అమ్మాయ్, నువ్వు కోసింది ఎవరి కోసం?”

“మీ కోసమే!”

“మా కోసమైతే మమ్మల్ని అడగాలిగా?” ఆయన గుంతలోంచి పైకి వచ్చి, పీలికతో వేళ్లు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. “తలుపు మూసుకోవట్లేదు. గాలి గొట్టం లీకైతే మూసుకోదు. అది గాలి పాఠంలో ఉంటుంది. తీగ తెగితే మూసుకోదు. అది తీగల పాఠంలో. అడ్డమేదైనా ఉందేమో చూసే సెన్సరు, తలుపు కింద కన్ను, దానికి మట్టి పట్టినా మూసుకోదు. అది ఇంకెక్కడో. ఇప్పుడు వీడు ఎన్ని ముక్కలు తెరవాలి? బండి పాఠం నంబరు చెప్పుకుంటూ రాదే తల్లీ, రోగంతో వస్తుంది.”

స్టోర్సమ్మ నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుంది. ఆమె జీవితంలో అది అరుదైన సంగతి కాబట్టి బక్కోడు ముక్కున వేలేసుకున్నాడు.

కోపం వచ్చింది, అందులో అబద్ధం లేదు. కిటికీ వెనక్కి వెళ్లి ఎవరడిగినా పీలికలు విసిరేసినట్టు ఇచ్చింది. కానీ మధ్యాహ్నం టీ వేళకు ఆమె స్టూలు ఒకటి ఎత్తుకొచ్చి మామయ్య పని చేస్తున్న బల్ల పక్కన వేసుకుని కూర్చుంది.

“చెప్పు. ఏమేం రోగాలొస్తాయి?”

ఆయన ఆమె వైపు చూడలేదు. ఒక గాలి వాల్వు విప్పి, దాని లోపలి రబ్బరు చక్రాన్ని వేలితో తడుముతూ, “నాకు ఆ ఫోన్లూ అవీ పడవు” అన్నాడు.

“నిన్నెవరు ఫోను పట్టుకోమన్నారు? నోరుందిగా, చెప్పు.”

అప్పుడు మొదలుపెట్టాడు. తలుపు మూసుకోకపోవడం. మూసుకుని తెరుచుకోకపోవడం. బ్రేకు వేస్తే కీచుమనడం. చార్జింగు పెడితే కాసేపు తీసుకుని అలగడం. మిట్ట ఎక్కేటప్పుడు నీరసించడం. ఒక్కో రోగానికీ ఎక్కడెక్కడ చూడాలో, ముందు ఏది, తర్వాత ఏది, చేతులు పని చేస్తూనే చెప్పుకుపోయాడు. మాటలు మధ్యలో ఆపి వాల్వును చెవి దగ్గర పెట్టుకుని ఊదేవాడు. ఆమె రాసుకుంది. చుట్టూ ఒకరొకరే చేరారు. “మేస్త్రీ, మలుపులో టకటకమనేది మర్చిపోయారు” అని ఒకరు, “ఏసీ నీళ్లు డ్రైవరు నెత్తిన పడేది కూడా రాయమ్మా, ఆయన తిట్లు భరించలేకపోతున్నాం” అని ఇంకొకరు.

ఈసారి కోత వేరుగా సాగింది. గాలి పాఠంలోంచి రెండు పేజీలు, తీగల పాఠంలోంచి ఒక బొమ్మ, ఎక్కడో చివర ఉన్న కన్ను తుడిచే పేజీ. ఇవన్నీ ఏరి ఒక చిన్న ఫైలు. దానికి పేరు ‘తలుపు మూసుకోవట్లేదు’. ఒకే బొమ్మ మూడు నాలుగు రోగాల్లో అవసరమైతే మూడు నాలుగు ఫైళ్లలోనూ పెట్టింది. పేర్లన్నీ మెకానిక్కుల నోటి మాటలే. ‘చార్జింగు పెడితే అలుగుతోంది’. ‘ఏసీ నెత్తిన పోస్తోంది’. పని అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ, ఆమె మొహం వెలిగిపోతోంది.

బుధవారం పొద్దున బక్కోడు ఆ నోరు తెరిచిన బండి దగ్గరికి వెళ్లి, ఫోనును మెట్టు మీద నిలబెట్టి, ఒక్కో పేజీ జరుపుతూ చూశాడు. గాలి గొట్టానికి సబ్బునీళ్లు రాశాడు. బుడగ రాలేదు. తీగ లాగి చూశాడు. బాగానే ఉంది. తర్వాతి పేజీలో చెప్పినట్టు తలుపు కింద వేలు పెట్టి తడిమితే ఎండిన మట్టిపెళ్ల ఒకటి ఊడి వచ్చింది. మీట నొక్కాడు. తలుపు ఉస్సుమని మూసుకుంది. తెరిచాడు, మూశాడు, తెరిచాడు, మూశాడు. వర్క్‌షాపంతా ఈలలు. “ఇక ఆపరా, పళ్లు ఊడిపోతాయి దానికి!” అని మామయ్య కేకేశాడు. ఆయన మొహంలో నవ్వు కనబడి ఎన్నాళ్లైందో.

ఆ ఊపులో బక్కోడు తర్వాతి బండి మీద పడ్డాడు. చార్జింగు పెడితే అలిగే బండి అది. ఫైలు తెరిచాడు. మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ముందు చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్న తర్వాత మూత తెరవండి.’ ముందు ఏం చెప్పారా అని పైకి జరిపాడు. పైన ఏమీ లేదు. అదే మొదటి పేజీ. చేతులకు తొడుగులు వేసుకోమనేమో అనుకుని వేసుకున్నాడు. వెనక సీటు కింద, నారింజ రంగు లావుపాటి తీగలు వచ్చి చేరే పెట్టె మూత మీద పానా పెట్టాడు.

మామయ్య ఆ బండి ఎక్కుతూ డ్రైవరు సీటు వెనకాల ఉన్న మెయిన్ స్విచ్ వైపు చూశాడు. స్విచ్ ఆపి లేదు. దానికి తాళం వేలాడట్లేదు. చేతిలో ఉన్నది కింద పడేసి, ఆ వయసులో ఎలా దూకాడో గానీ, బక్కోణ్ణి బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ బస్సు నేల మీద వెల్లకిలా పడ్డారు. పానా దొర్లుకుంటూ మెట్ల మీదుగా కింద పడిన చప్పుడుకు అందరూ పరిగెత్తుకొచ్చారు.

ఆ పెట్టెలో ఉండేది ఇంట్లో దీపానికి వచ్చే కరెంటు లాంటిది కాదు. మనిషిని పట్టుకుంటే వదలదు. ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, దానికి తాళం వేయాలి, తాళంచెవి సొంత జేబులో పెట్టుకోవాలి, లోపల మిగిలిన కరెంటు చచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాత మీటరు పెట్టి చూసుకోవాలి. పెద్ద పుస్తకంలో ఆ పేజీ ఒక్కచోటే, మొదట్లోనే ఉంది. మిగతా పాఠాలన్నీ ‘ముందు చెప్పిన’ అంటాయే గానీ మళ్లీ చెప్పవు.

“ఇది నీకు తెలియదట్రా?” అన్నాడు మామయ్య, ఊపిరి అందక.

“తెలుసు మేస్త్రీ. కానీ కాగితంలో లేదుగా, ఈ పనికి అక్కర్లేదేమో అనుకున్నా.” బక్కోడు తొడుగులు విప్పి పక్కన పెట్టాడు.

మామయ్య లేచి స్టోర్సమ్మ వైపు తిరిగాడు. “విన్నావా? లావు పుస్తకాన్ని భయపడుతూ చదివేవాళ్లు. నువ్వు సన్నగా చేసిచ్చావు, నమ్మేశారు. తీసెయ్ నీ ముక్కలన్నీ! మనిషి పోయాక తలుపులు మూసుకుంటే ఎవడికి కావాలి?”

అందరి ముందూ అన్నాడు. ఆమె గ్రూపులో పెట్టినవన్నీ ఒక్కొక్కటే తీసేసి, ఫోన్లలో దించుకున్నవి కూడా అందరి చేతా తీయించింది. తొందరలో ఒకటి రెండు సార్లు తప్పు మీట నొక్కింది కూడా.

*

ఆమె భర్త ఇంట్లోనే జాకెట్లు కుట్టే టైలరు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పి ఏమీ మాట్లాడకుండా కూర్చున్న పెళ్లాన్ని ఎగాదిగా చూసి, “ఏంటి, ఇవాళ ఎవరి తాతల్నీ తిట్టలేదా?” అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చేసింది. వెక్కుతూనే మొత్తం చెప్పింది. చెప్పి, “నా చేతులతో ఒక మనిషిని చంపేసేదాన్ని. శుక్రవారం సంతకం పెట్టుకుని పోనీ. కడుక్కోనీ బస్సులు. బతికైనా ఉంటారు” అంది.

ఆయన బల్ల మీద బట్ట పరిచి సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. “ఒక పేజీ తగ్గింది. అంతేనా?”

“అంతేనా అంటావేంటి!”

“అయితే పెట్టెయ్.”

“ఒక్కదాన్లో కాదయ్యా, అన్నిట్లోనూ లేదు.”

“అన్నిట్లోనూ పెట్టు.”

“ఒకే పేజీని అన్నిసార్లా? తెరిచిన ప్రతిసారీ అదే మొహమా? నవ్వుతారు.”

“నవ్వనీ” అన్నాడాయన, గీసిన గీతకు వేలెడు దూరంలో ఇంకో గీత గీస్తూ. “నేను ప్రతి ముక్కకీ కుట్టుకోసం బట్ట వదులుతా. వేసుకున్నాక అది పైకి కనబడదు. ‘అబ్బ, ఎంత బాగా వదిలారండీ’ అని ఇన్నేళ్లలో ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. వదలకపోతే మాత్రం ఇంటికొచ్చి తిడతారు. నీలాంటివాళ్లే.”

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి పోతూ, “ఆ పేజీ మొదట ఉండాలి. ఏ ఫైలు తెరిచినా ముందు అదే కనబడాలి” అని తనలో తను అనుకుంది.

గురువారం డిపో గేటు తీసేసరికి ఆమె అక్కడుంది. రోగాల ఫైళ్లన్నిటినీ మళ్లీ కోసింది. ప్రతిదానికీ మొదటి పేజీ ఒకటే: స్విచ్, తాళం, జేబు, ఆగడం, మీటరు. ‘ముందు చెప్పిన’ అని ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఆ ముందు చెప్పినదేదో తెచ్చి దాని పక్కనే పెట్టింది. వైపరు రబ్బరు మార్చే ఫైలుకు కూడా ఆ పేజీ పెట్టిందంటే, చూసుకోండి మరి. తర్వాత ఫోను పట్టుకుని మామయ్య బల్ల దగ్గరికి వెళ్లింది.

“తప్పు నాదే మామయ్యా. దిద్దాను. నువ్వు చూస్తేనే గ్రూపులో పెడతా. చూడనంటే పెట్టను.”

ఆయన ఫోను వైపు చూశాడు. షెడ్డు వైపు చూశాడు. అక్కడ అప్పటికే కడిగే పైపులు కొత్తవి తెచ్చి చుట్టలు చుట్టి పెట్టారు, వీళ్ల కోసం. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను అందుకున్నాడు. ఒక్కో ఫైలూ తెరిచాడు. మొదటి పేజీ ప్రతిసారీ చదివాడు, ఒక్కసారీ దాటెయ్యలేదు. మధ్యాహ్నం అన్నం కూడా ఆ బల్ల దగ్గరే. రెండు చోట్ల పేజీ చాలదన్నాడు, ఆమె వెళ్లి పెట్టుకొచ్చింది. ఆఖరి ఫైలు మూసి ఫోను తిరిగిచ్చేటప్పుడు, “నిన్న అందరి ముందూ అరిచాను” అన్నాడు.

“అరవకపోతే ఊరుకునేదాన్నా నేను?” అంది స్టోర్సమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది.

*

శుక్రవారం వచ్చిన ఇంజినీరు ఒక ఆడమనిషి. బూట్లు వేసుకుని, చేతిలో టార్చి పట్టుకుని, టీ వద్దని నేరుగా వర్క్‌షాపులోకి వచ్చింది. మేనేజరు ఆమె పక్కనే నడుస్తూ, అడగకుండానే మొదలుపెట్టాడు.

“ఇంకో సంగతి కూడా మీ దృష్టికి తేవాలి మేడమ్. వీళ్లు మీ పుస్తకాన్ని ఇష్టమొచ్చినట్టు ముక్కలు చేసి ఫోన్లలో పంచుకున్నారు. నా అనుమతి లేకుండా.”

ఇంజినీరు ఠక్కున ఆగింది. “ముక్కలా? ఎవరు చేశారు?”

స్టోర్సమ్మ కిటికీ వెనకనుంచి బయటికి వచ్చింది. “నేనండీ.”

“అలా చెయ్యకూడదమ్మా. మేము విడిగా ఎందుకు ఇవ్వలేదో తెలుసా? ఇంకో చోట ఇలాగే విడగొట్టుకున్నారు. కావాల్సిన పేజీ ఉంది, కరెంటు ఆపే పేజీ లేదు. ఒకతను రెండు చేతులూ కాల్చుకున్నాడు. ఆసుపత్రికి నేనే వెళ్లి చూశాను.” ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. “ఈ ఒక్క కారణం చాలు, నేను సంతకం పెట్టెయ్యడానికి.”

మేనేజరు జేబులోంచి పెన్ను తీసి అందించబోయాడు.

“పెట్టే ముందు ఒకటి తెరవండి” అంది స్టోర్సమ్మ, ఫోను ముందుకు చాపి. “నేను చెప్పింది కాదు, మీకు నచ్చింది తెరవండి.”

ఇంజినీరు ఫోను తీసుకుంది. ఏదో ఒకటి నొక్కింది. స్విచ్, తాళం, జేబు, ఆగడం, మీటరు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. అది మూసి ఇంకోటి తెరిచింది. అదే పేజీ. కింది దాకా జరిపి, ఎవరూ తెరవరనుకున్నది ఏరి తెరిచింది. వైపరు రబ్బరు. అందులోనూ అదే పేజీ.

“వైపరుకి కూడానా?” అంది.

“దేనికి అక్కర్లేదో నేను నిర్ణయించలేను కదండీ” అంది స్టోర్సమ్మ. “బుధవారం నా కోత వల్లే మావాడికి కొద్దిలో తప్పింది. మా పెద్దమేస్త్రి లాగకపోతే మీరు మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సొచ్చేది. అప్పుడు తెలిసింది.”

ఆ సంగతి ఆమె దాచిపెట్టి ఉండొచ్చు. ఎవరూ చెప్పేవాళ్లు కాదు. మేనేజరైతే ఎగిరి గంతేసినంత పనిచేసి, “విన్నారా మేడమ్, ప్రమాదం! తనే ఒప్పుకుంటోంది!” అన్నాడు.

“విన్నాను” అంది ఇంజినీరు, అతనివైపు చూడకుండా. “నాకు పని చూడాలని ఉంది.”

అలిగే బండి ఇంకా అలిగే ఉంది. బక్కోడు ముందుకొచ్చాడు. ఫోను తెరిచి మొదటి పేజీ గట్టిగా, బడిపిల్లాడిలా, పైకి చదివాడు. స్విచ్ ఆపాడు. తాళం వేశాడు. తాళంచెవి జేబులో పెట్టుకుని పైనుంచి తట్టి చూపించాడు. తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు అసహనంగా, “ఏంటి ఆగిపోయావు? రాదా?” అన్నాడు.

“ఆగమని ఉందండి సార్” అన్నాడు బక్కోడు.

ఇంజినీరు మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది. కరెంటు చచ్చాక మీటరు పెట్టాడు, మూత తీశాడు, రెండో పేజీ, మూడో పేజీ. తీగ చివర బిగింపు ఒకటి వదులై నల్లబడింది. స్టోర్సమ్మ పరిగెత్తుకెళ్లి కొత్త బిగింపు తెచ్చింది, ఈసారి పాతది అడగకుండానే. బిగించి, మూత వేసి, తాళం తీసి, స్విచ్ వేసి, చార్జింగు పెట్టారు. బండి తీసుకుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అలిగే వేళ వచ్చింది, దాటిపోయింది. బండి తీసుకుంటూనే ఉంది.

“అలక తీరిందే!” అని మామయ్య బస్సు ఒంటి మీద అరచేత్తో చరిచాడు. ఆ చప్పుడుతో వర్క్‌షాపు కప్పు ఎగిరిపోతుందా అన్నంత గోల లేచింది. బక్కోడు స్టోర్సమ్మకు వంగి దణ్ణం పెట్టబోయి, ఆ ఒళ్లుతో వంగలేక బస్సు మెట్టు పట్టుకున్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదని తర్వాత టైలరు మొహం మీదే చెప్పింది.

ఇంజినీరు మిగతా బళ్లు కూడా చూసింది, ఒక్కటీ వదలకుండా. వెళ్లేముందు మేనేజరు మళ్లీ పెన్ను తీశాడు. ఆమె ఆ పెన్ను తీసుకుని, అతను తెచ్చిన కాగితం తిరగేసి, వెనకవైపు నాలుగు ముక్కలు రాసిచ్చింది. ఈ వర్క్‌షాపు పుస్తకం ప్రకారమే పని చేస్తోందని, రిపేరు బయటికి ఇవ్వాల్సిన అవసరం తమ కంపెనీకి కనబడలేదని. తర్వాత స్టోర్సమ్మ వైపు తిరిగింది.

“ఈ ఫైళ్లు నాకు కావాలి. మిగతా డిపోలన్నిటికీ పంపిస్తాను.”

“మా పర్యవేక్షణలోనే జరిగింది మేడమ్ ఇదంతా” అన్నాడు మేనేజరు, సిగ్గు లేకుండా.

“ఇందాకే మీ అనుమతి లేకుండా అన్నారు కదండీ” అంది ఇంజినీరు. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ చూస్తుండగా, మేనేజరు బోర్డు మీది నోటీసు పీకెయ్యబోయి, దానికి కొట్టిన మేకులు గోటితో రాక, కటింగ్ ప్లేరు కోసం స్టోర్స్ కిటికీ దగ్గరికి వచ్చాడు. స్టోర్సమ్మ సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చింది.

మర్నాడు శనివారం. పొద్దున్నే ఒక బండి కొత్త రోగంతో వచ్చింది. మలుపు తిరిగినప్పుడల్లా లోపల లైట్లు ఆరి వెలుగుతున్నాయట. ఆ రోగానికి ఫైలు లేదు. బక్కోడు వెళ్లి మామయ్యకు చెప్పాడు. మామయ్య మేడ మెట్ల వైపు వెళ్లలేదు. చేతులు కడుక్కుని, స్టోర్స్ తలుపు తోసుకుని లోపలికే వచ్చి, స్టూలు లాక్కుని స్టోర్సమ్మ పక్కన కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

“తియ్యి. లావు పుస్తకం తియ్యి.”

కంప్యూటరు మూలుగుతూ తెరిచింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. “కిందికి పో. ఇంకా. ఇంకా. ఆగు, తొందరెందుకే నీకు? ఇదిగో, ఈ బొమ్మ కావాలి. దీని తర్వాతది కూడా. అది వద్దు. ఇక్కడ కొయ్యి.”

“ఇక్కడా? ఇంకో పేజీ ఉండనీ మామయ్యా, వాక్యం మధ్యలో తెగిపోతోంది.”

“సరే, ఉండనీ. మొదటి పేజీ పెట్టావా?”

“అడుగుతావేంటి, పెట్టకుండా ఉంటానా?”

“పేరేం పెడతావు?”

“నువ్వే చెప్పు.”

ఆయన గడ్డం గోక్కుని కాసేపు ఆలోచించి, ‘మలుపులో కన్ను కొడుతోంది’ అన్నాడు. అలాగే కొట్టి గ్రూపులోకి పంపింది. కిటికీ అవతల, గుంతల్లోనూ బళ్ల కిందా టైర్ల వెనకాలా, అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

“వచ్చింది మేస్త్రీ!” అని బక్కోడు కేకేశాడు.